నొప్పి అంకె సున్నా

సముద్ర నాచు సాగు, మూడో తెప్ప, ఆరోగ్యగది రోజువారీ పుస్తకం, పదో ఏడు
రాసేది: గనగళ్ళ కాసులమ్మ, గది ఇన్‌ఛార్జి

రోజు 212, ఉదయం ఏడు

నీళ్ళ ట్యాంకు కడిగించాను. సెలైన్ సీసాలు పద్దెనిమిది. అన్నీ బీరువాలోనే ఉన్నాయి. రోగం తేల్చేదీ మందిచ్చేదీ ఆ యంత్రమే, దాని తలుపులు దాని ఇష్టం.

నిన్న సాయంత్రం తడుములో తేలినవి: కాలిన మోచెయ్యి ఒకటి, గాలం దిగిన బొటనవేలు ఒకటి, చెక్కపేడు దిగిన మడమ ఒకటి. పేడు దిగినవాడు దాంతోనే మూడు రోజులుగా నాచు కోస్తున్నాడు. "చెప్పులో ఇసక పడిందేటో అనుకున్నానప్పా," అన్నాడు నవ్వుతూ. ఎందుకు నవ్వడు? మెడ వెనక మూత ఉందిగా! తెప్ప మీద పనికి చేరిన రోజే ఒడ్డున పెడతారు. ఇక నొప్పి అనేది మెదడు గుమ్మం దాటి లోపలికి రాదు. మేనేజరుతో సహా నలభై రెండుమందికీ ఉంది, నాకూ ఉంది. అందుకే రోజూ సాయంత్రం జోడీలుగా కూర్చుని ఒకరి ఒళ్ళు ఒకరం తడుముకుంటాం. వేళ్ళ సందులు, చెవుల వెనక, అరికాళ్ళు. అన్నం మానినా ఇక్కడ తడుము మానరు.

ఎనిమిదింటికి నూకరత్నం వచ్చింది. నాచు కోసే పిల్ల, ముప్పై నాలుగేళ్ళు, తడుములో నా జోడీ. తెల్లవారుజాము నుంచి వాంతులట. ముందురోజు ఒకామె ఒప్పందం ముగిసిందని విందు చేశారు. నూనెలో ఈదే చేపల వేపుడు అందరం తిన్నాం. బీరువా ముందు కూర్చోబెట్టాను. మెడ దగ్గర కళ్ళెం లాంటి పట్టీ పెట్టి, మెదడుకి చేరే నొప్పిని అది చదివింది: "నొప్పి అంకె సున్నా. అజీర్ణం. చప్పరించే బిళ్ళలు రెండు."

అర తెరుచుకుంది. బిళ్ళలు నా చేత్తోనే ఇచ్చాను.

రోజు 212, సాయంత్రం ఆరు

నూకరత్నం మళ్ళీ మూడుసార్లు కక్కింది. వాంతి అయ్యాకైనా కడుపు తేలికపడాలి కదా, పడలేదట.

తడుముకి కూర్చున్నాం. అది మోకాళ్ళు కడుపులోకి లాక్కుని ముందుకి వంగి కూర్చుంది. "ఏటే, ముసలమ్మలా కూకున్నావు?" అన్నాను. "ఇలాగైతే బాగుందప్పా. ఎనక్కి ఆనుకుంటే కుదర్నేదు. ఎందుకో తెల్దు," అంది. నేను నవ్వాను. దాని వేళ్ళు చూశాను, పాదాలు చూశాను, వీపు చూశాను. ఒక్క గీత లేదు. పుస్తకంలో "ఒళ్ళు బాగుంది" అని రాసి సంతకం పెట్టాను.

కక్కినవాళ్ళకి జోడీ పులుసు తెచ్చి పెట్టాలని ఇక్కడ ఆనవాయితీ. నూనె తేలే చేప పులుసు గిన్నెడు తెచ్చి, తినకపోతే ఊరుకోనని బెదిరించి మరీ తినిపించాను. పావుగంటలో అంతా నా ఒళ్ళోనే పోసింది.

రోజు 213, ఉదయం తొమ్మిది

నా చెంప నేనే వాయించుకోవాలి. వాయించుకున్నా తెలియదు, అది వేరే దరిద్రం.

నూకరత్నం రాత్రంతా కూర్చునే ఉందట. నాడి నిమిషానికి నూట పద్దెనిమిది. ఒళ్ళు కాలుతోంది, నూటొకటి. కంటి తెలుపులో పసుపు ఛాయ. పొట్ట ఉబ్బింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఈ తెప్ప మీద ఒక మనిషి పొట్ట నొక్కి చూశాను. తడుములో పొట్ట ఎవరూ నొక్కరు. గాయాలు పైనుంచే వస్తాయని అందరి నమ్మకం, నాది కూడా. డొక్కల కింద, నడిమధ్యన వేళ్ళు ఆనించానో లేదో, కండరం చెక్కలా బిగుసుకుంది, మోకాళ్ళు రెండూ ఎగిరి నా గడ్డానికి తగిలాయి.

"నానేటీ సెయ్యనేదప్పా! కాళ్ళే ఎగిసినాయి!" అంది బిత్తరపోయి.

మూత మూసేది మెదడుకే. ఒంటికి అంతా తెలుసు. పాపం, నిన్నటి నుంచి ఒళ్ళు వంగి వంగి చెబుతూనే ఉంది, నేను ముసలమ్మా అని ఎకసెక్కం ఆడాను.

మూతలు రాకముందు పదకొండేళ్ళు తాలూకా ఆసుపత్రిలో నర్సుగా చేశాను. ఇలాంటివాళ్ళని నెలకి ఇద్దరు ముగ్గుర్ని చూసేదాన్ని. దిండు కడుపుకి హత్తుకుని, ముందుకి వంగి, "వీపులోకి పొడుస్తోందమ్మా" అనేవాళ్ళు. వెల్లకిలా పడుకోబెడితే కేకలు. పై ఆఫీసువాళ్ళు ఈ పుస్తకం చదువుతారంటారు కాబట్టి మీకోసం విడమర్చి రాస్తున్నాను. కడుపు సంచి వెనక, వెన్నుకి ఆనుకుని క్లోమం అనే గ్రంథి ఉంటుంది. తిన్నది అరిగించే రసం చేస్తుంది. అది ఒక్కసారిగా వాచిందంటే, ఆ రసం తిన్నదాన్ని వదిలి గ్రంథినే అరిగించడం మొదలెడుతుంది. మొదటి ఒకటి రెండు రోజుల్లో ఒంట్లోకి నీళ్ళు పట్టించి కనిపెట్టుకుని ఉంటే చాలామంది బతుకుతారు. చూసీ చూడనట్టు వదిలేస్తే మూత్రపిండాలు పోతాయి, ఊపిరి పోతుంది.

నూకరత్నాన్ని మళ్ళీ బీరువా ముందుకి తీసుకెళ్ళాను. రక్తంలో లైపేజ్ పరీక్ష చెయ్యమన్నాను. క్లోమం వాస్తే రక్తంలో పెరిగేది అదే. "కడుపు నొప్పి అంకె నాలుగు దాటితేనే ఆ పరీక్ష. ప్రస్తుత అంకె సున్నా," అంది. ఆ గొంతు చూడాలి, పంచదార పాకం. నాడి చెప్పాను, జ్వరం చెప్పాను, కళ్ళు చెప్పాను. చివరికి కాగితం కక్కింది: "రెండు రోజుల్లో రెండోసారి. నొప్పి లేదు. వ్యాఖ్య: పని తప్పించుకునే అవకాశం."

ఆ కాగితం నూకరత్నం చదివింది. "నాను పనిదొంగనా అప్పా?" అంది. మిగతాదంతా ఓర్చుకున్న పిల్ల ఆ ఒక్క మాటకి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

రోజు 213, ఉదయం పదకొండు

మేనేజర్ శశిధర్‌గారి గదికి వెళ్ళాను. సంగతంతా చెప్పి, మీ మాటతో బీరువాని దాటించండి అన్నాను.

"మీ అనుభవం అంటే నాకు గౌరవమే కాసులమ్మగారూ. కానీ అంకె సున్నా ఉంది కదా. తాగుతుందేమో కనుక్కున్నారా?"

"తాగుడు వల్ల కూడా వొస్తాది బాబూ, నిజమే. ఈ పిల్ల ముట్టదు. కళ్ళు పచ్చబడినాయి, పిత్తాశయంలో రాయి జారి దారికి అడ్డం పడిందని నా అనుమానం."

"అనుమానం మీద పడవ పిలవలేను. తొమ్మిదేళ్ళలో బీరువా ఒక్కసారి కూడా తప్పలేదు."

"తప్పిందని సెప్పడానికి ఎవుడు మిగిలినాడు?" అన్నాను. అరిచాననే రాసుకోండి.

ఎందుకంటే అప్పుడే నాకు వలలు కుట్టే చిన్నప్పయ్య గుర్తొచ్చాడు. నిరుడు వలల గదిలో ముందుకి వంగి కూర్చుని కూర్చునే పోయాడు. రెండు రోజులు వాంతులు. అంకె సున్నా. బీరువా "గుండె ఆగిపోవడం" అని రాస్తే, కింద నేనే సంతకం పెట్టాను. వేలిముద్రగాడైనా అనుమానించి ఉండేవాడు. చదువుకున్న నేను బుర్ర ఆ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాను.

మేనేజరుగారు కాసిని మంచినీళ్ళు తాగమన్నారు. ఆయన నీళ్ళు ఆయన్నే తాగమని చెప్పి వచ్చేశాను.

రోజు 213, మధ్యాహ్నం పన్నెండున్నర

ఒడ్డు ఆసుపత్రి డాక్టర్ షాహీన్ రేడియోలో దొరికింది. దేవుడు చల్లగా చూడాలి, అడగాల్సినవన్నీ అడిగింది.

"వాంతులు మొదలై ఎంతసేపైంది?"

"ముప్పై గంటలు దాటింది డాక్టరమ్మా."

"మూత్రం?"

"తెల్లారి ఒక్కసారే. టీ డికాషన్ రంగు."

"చూడండి, క్లోమం వాచిందనడానికి మూడింటిలో రెండు ఉంటే చాలు. ఆ రకం నొప్పి, లైపేజ్ మామూలు హద్దుకి మూడింతలు, స్కానులో వాపు. నొప్పి లేకపోతే మిగతా రెండూ చూడాలి. అంతేగానీ నొప్పి లేదని అసలు పరీక్షే చెయ్యకపోవడం ఏమిటి? ఈ నియమం ఎవరు రాశారు?"

"మూత పెట్టినోలే రాసినారు."

 "ముందు సెలైన్ మొదలుపెట్టండి," అంది ఆమె. సెలైన్ బీరువాలో ఉందని చెప్పాను. పడవ పంపమన్నాను. బీరువా కాగితం రాకుండా పడవ తాడు విప్పనివ్వరని చెప్పింది. 

సుత్తి తీశాను. బీరువా అద్దం మొహం పగలగొడదామని బుద్ధి పుట్టింది. పగలగొడితే సీసాలు దొరుకుతాయి, కాగితం రాదు, పడవ రాదు. సుత్తి కింద పెట్టాను.

ఇక మిగిలింది ఒక్కటే. ఒప్పందం ముగిసినవాళ్ళకి ఒడ్డుకి వెళ్ళేముందు మూత తీసే తాళం నా దగ్గరే ఉంటుంది. మేనేజర్ సంతకం లేకుండా వాడకూడదు. ఒకసారి తీసిన మూత ఇక్కడ మళ్ళీ పెట్టలేం. పైగా ఈ తెప్ప మీద నొప్పి మందు ఒక్క చుక్క లేదు. నొప్పే లేనిచోట మందెందుకని తొమ్మిదేళ్ళ కిందటే ఆ అర తీసేశారు.

అన్నీ దాచకుండా నూకరత్నానికి చెప్పాను. వంగి కూర్చునే విన్నది.

"శానా నొప్పేటా?"

"శానా."

"నీకెలా తెలుసు?"

"సూసినాను. పడనేదు."

"పురుటినొప్పంతుంటాదా?"

"నాకు పురుడు రానేదే తల్లీ, ఏటి సెప్పమంటావు?"

"నాకు రెండుసార్లు వొచ్చినాది, మూతకి ముందు. ఇద్దరూ మా అత్తకాడున్నారు." మెడ మీద జుట్టు తనే పక్కకి తీసి తల వంచింది. "తియ్యప్పా. పనిదొంగనన్న కాయితంతో సావనేను."

రోజు 213, మధ్యాహ్నం ఒంటిగంట

తీశాను. సంతకం లేదు. నా చేతులతో, పూర్తి తెలివితో తీశాను.

ఒక్క క్షణం అది నా మొహంలోకి చూసింది, ఏదో అడగబోయినట్టు. తర్వాత అరిచింది. తొమ్మిదేళ్ళుగా ఈ తెప్ప మీద నొప్పికి ఎవరూ అరవలేదు. నాచు కోసేవాళ్ళు కత్తులు పడేసి పరిగెత్తుకొచ్చారు. గుమ్మంలో నిలబడిపోయారు. అంత ఒడ్డూ పొడుగూ ఉన్న అప్పలకొండ, పడవ ఇనప గొలుసు ఒంటిచేత్తో లాగేవాడు, గోడకి ఆనుకుని "ఆపీయప్పా, ఆపీ, ఇననేకపోతన్నాను" అని ఏడ్చాడు.

బీరువా మాత్రం అదే పాకం గొంతుతో, "నొప్పి అంకె పది. దయచేసి కూర్చోండి," అంది. నీ మొహం మండ! అప్పుడు తెరుచుకున్నాయి అరలన్నీ. లైపేజ్ రెండువేల నూట నలభై, మామూలు హద్దు నూట అరవై. స్కానులో క్లోమం ఉబ్బి ఉంది, పిత్తాశయం నిండా రాళ్ళు. కాగితం వచ్చింది: "క్లోమానికి తీవ్రమైన వాపు. అత్యవసరం. పడవ బయలుదేరింది. నాలుగు గంటలు."

నిన్న ఉదయం ఇదే రక్తం, ఇదే కడుపు, ఇదే బీరువా.

రోజు 213, సాయంత్రం ఐదున్నర

పడవ వెళ్ళింది. ఆ నాలుగు గంటలూ రాయాలి. రాయకపోతే మీరు నాలుగు గంటలు అనే మాట చదివి పేజీ తిప్పేస్తారు.

సెలైన్ రెండు చేతులకీ పెట్టి డాక్టరమ్మ చెప్పిన లెక్కన ఎక్కించాను. నొప్పి మందు అడిగితే బీరువా "ఆ అర ఈ నమూనాలో లేదు" అంది. నూకరత్నం పడుకోలేదు, కూర్చోలేదు, నా మెడ పట్టుకుని వేలాడింది. వీపులోంచి గునపం దిగుతోందంది. నన్ను తిట్టింది. "నీ సేతులు పడిపోనూ! మళ్ళీ మూసీయే, నీ కాళ్ళట్టుకుంటాను, మూసీ!" అంది. మూసే ఉపాయం నా దగ్గర లేదని తెలిసి కూడా అడుగుతూనే ఉంది. చుట్టూ నలభైమంది ఉండి ఏం చెయ్యాలో ఒక్కరికీ తెలియలేదు. ఒకామె విసనకర్ర తెచ్చింది. ఒకాయన దాని పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నొప్పిపడే మనిషి పక్కన ఎలా ఉండాలో కూడా మేం మర్చిపోయాం.

అంతా అయ్యాక ఎవరో నా ముంజేయి చూపించారు. నూకరత్నం గోళ్ళు దిగినచోట తోలు లేచి రక్తం కారుతోంది. నాకు తెలియనే తెలియలేదు. నాలుగు గంటలు అది నన్ను పట్టుకుని ఏడిస్తే నా చెయ్యి కొయ్యలా ఉంది. జీవితంలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

మేనేజరుగారు పడవ దగ్గరికి వచ్చి, "ముందే సరిగ్గా చెప్పి ఉంటే బాగుండేది," అన్నారు. జనం ఆపారు కాబట్టి ఆయన పళ్ళు ఆయన నోట్లోనే ఉన్నాయి.

రోజు 221

నూకరత్నం బతికింది.

డాక్టర్ షాహీన్ చెప్పింది. మూడు రోజులు మూత్రపిండాలు మొండికేశాయట, ఇప్పుడు దారికొచ్చాయి. దారికి అడ్డంపడిన రాయి గొట్టంతో తీశారు. ఒంట్లో బలం వచ్చాక పిత్తాశయం తీసేస్తారు. "ఇంకో పూట ఆగి ఉంటే నేను చెయ్యగలిగింది ఉండేది కాదు," అంది.

అదే గంటలో పై ఆఫీసు నోటీసు వచ్చింది. నేరం: ఉద్యోగికి ఉద్దేశపూర్వకంగా నొప్పి కలిగించడం. రుజువైతే ఉద్యోగం పోతుంది.

మూడుసార్లు చదివాను. ముప్పై గంటలు మనిషి లోపల గ్రంథి కాలిపోతుంటే అది నేరం కాదు. అది కాలిపోతోందని ఆ మనిషికి తెలియజేస్తే నేరం!

రోజు 226

తెర మీద విచారణ. ముగ్గురు అధికారులు, ముగ్గురూ ఇస్త్రీ చొక్కాల్లో.

"మీరు నొప్పి కలిగించారా?"

"నొప్పి ఉంది. నాను మూత తీసినాను."

"అవును, కాదు అని చెప్పండి."

"అలాగైతే అవును."

సాక్షిగా నూకరత్నాన్ని ఆసుపత్రి మంచం మీంచి చూపించారు. సగమైపోయింది పిల్ల. నొచ్చిందా అని అడిగారు.

"నొచ్చింది బాబూ. పగోడికి కూడా ఒద్దు. అప్పని నోటికొచ్చినట్టు తిట్టినాను. అప్పా, నీకు కోపమొచ్చినాదా?"

"నా తిట్లు నువ్వింకా విన్నేదు, బాగయ్యి రా, సెప్తాను," అన్నాను. అధికారి బల్ల మీద కొట్టాడు.

నూకరత్నం ఆయన వైపు తిరిగింది. "నాదొక్కటే అడుగుతాను. నన్ను పనిదొంగని రాసినారు కదా, ఆ మాట కొట్టీండి."

యంత్రం రాసిన వ్యాఖ్య కొట్టేసే వీలు తమకి లేదని ఆయన చెప్పాడు.  "మరైతే మా అప్పని ఉద్యోగంలోంచి కొట్టీసే వీలు మాత్రం మీకెలా ఉంది?" అంది నూకరత్నం. తెర ఆపేశారు.

రోజు 230

రేపు ఉదయం పడవలో నన్ను పంపేస్తున్నారు. ఈ గదికి కొత్తమనిషి రేపే వస్తుంది. కాబట్టి ఈ పేజీ పై ఆఫీసుకి కాదు, నీకు. పుస్తకంలోంచి చింపి వంటామె చేతికిచ్చి వెళ్తాను. నీ పేరు నాకు చెప్పలేదు. చెల్లీ అనుకుంటున్నాను.

నియమం మారలేదు. అంకె నాలుగు దాటందే పరీక్ష లేదు. బీరువా నీకు సున్నా అని చెబుతూనే ఉంటుంది. అది చెప్పింది విని, మనిషి దగ్గరికి వెళ్ళు. వాంతులు ఆగకపోతే, కక్కినా తేలిక పడకపోతే, ముందుకి వంగి కూర్చుని వెనక్కి ఆనుకోలేకపోతే, పొట్ట నొక్కు. డొక్కల కింద బిగుసుకుంటే నాడి చూడు, జ్వరం చూడు, కళ్ళు చూడు, మూత్రం ఎంతసేపటి కిందట వచ్చిందో అడుగు. పులుసు పెట్టకు. అందరూ పెట్టమంటారు, తిడతారు, పడు. డాక్టర్ షాహీన్‌ని రేడియోలో పిలువు. మేనేజరు దగ్గరికి వెళ్ళి టైము దండగ చేసుకోకు.

వాళ్ళు నా దగ్గర తాళం తీసుకున్నారు. అప్పలకొండ వలల గదిలో పాత పరికరాలతో రెండోది చేశాడు. అడుగు, ఇస్తాడు.

సరుకుల పడవలో డాక్టర్ షాహీన్ ఆరు ఇంజెక్షన్లు పంపింది. నొప్పి తగ్గించేవి. ఈ తెప్ప మీద ఉన్న నొప్పి మందు అంతే. వంటింట్లో ఉప్పు డబ్బా అడుగున గుడ్డలో చుట్టి పెట్టాను, వంటామెకి తెలుసు.

ఒక్కటి జాగ్రత్తగా విను. మూత తీసే ముందు సూది వెయ్యకు. వేస్తే అంకె పెరగదు, బీరువా తెరుచుకోదు. ముందు మూత తియ్యి. అరుస్తారు. నిన్ను తిడతారు, కాళ్ళు పట్టుకుంటారు. కళ్ళు తిప్పుకోకుండా అంకె చూడు. నాలుగు దాటి, రక్తం తీసుకుని, కాగితం బయటికి వచ్చేదాకా ఆగు. నాకు మూడు నిమిషాలు పట్టింది. ఆ మూడు నిమిషాలు వాళ్ళని గట్టిగా పట్టుకో.

కాగితం రాగానే సూది వెయ్యి. ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యకు.